దొరికిన పిల్లలన్నీ అనాథలు కావు



ఈ సంచికలో అడవి జంతువుల పిల్లల్ని, పక్షి పిల్లల్ని కాపాడటం గురించి రాస్తున్నాను. ఇది మనకి దూరపు సంగతి కాదు. మన ఉంగుటూరు నుంచి నూజివీడు దాకా మామిడి తోటలే గదా. తోటలో కొమ్మలు నరికినా, గాలివాన వచ్చినా ఉడత గూళ్ళు కింద పడతాయి. మాను తొర్రలోంచి పగిడికంటె పిల్లో, రామచిలక పిల్లో జారి పడుతుంది. చెరకు కొట్టేటప్పుడు, గడ్డివాము తీసేటప్పుడు అడవిపిల్లి కూనలు బయట పడతాయి. సెలవులకి మన ఊళ్ళకి పోతే అక్కడ కుందేలు పిల్లలు, నెమలి పిల్లలు, ఒక్కోసారి దుప్పి పిల్ల కూడా కనిపిస్తుంది.

కనిపించగానే మనం ఏం చేస్తాం? "అయ్యో పాపం, తల్లి లేదు" అని చొక్కాలో చుట్టుకుని తెచ్చేస్తాం. ట్రంకు పెట్టెలో దాచుకునేవాళ్ళు ఉన్నారు. మెస్సులోంచి గ్లాసుడు పాలు తెచ్చి దూదితో పిండుతారు. రెండో రోజో మూడో రోజో అది చచ్చిపోతుంది. అప్పుడు "దాని ఆయుష్షు అంతే" అనుకుంటాం. నిజానికి చాలాసార్లు దానికి ఆయుష్షు ఉంది, తల్లి కూడా ఉంది. జాలిపడి మనమే దాన్ని తల్లికి దూరం చేశాం. ఈ సంగతి అందరికీ తెలియాలనే ఈ వ్యాసం.

మొదటి ప్రశ్న: తల్లి నిజంగా లేదా?

మనుషుల బిడ్డ ఒంటరిగా ఉంటే అది ఆపదే. కానీ అడవిలో పద్ధతి వేరు.

కుందేలు పిల్లల్ని ఈని, గడ్డిలో చిన్న పల్లంలో వదిలి దూరంగా వెళ్ళిపోతుంది. రోజుకి ఒకటి రెండుసార్లు, అదీ మసక చీకట్లో, వచ్చి పాలిచ్చి పోతుంది. ఎప్పుడూ పిల్లల పక్కనే ఉంటే తల్లి వాసన పట్టుకుని నక్కలు, కుక్కలు వస్తాయి. దుప్పి, జింక కూడా అంతే. పుట్టిన కొత్తల్లో పిల్లని పొదలో పడుకోబెట్టి తల్లి మేతకి పోతుంది. పిల్ల కదలదు, మెదలదు. మనం దగ్గరికి పోయినా లేవదు. దానికి జబ్బు చేసిందని మనం అనుకుంటాం. నిజానికి అది తల్లి చెప్పినట్టు దాక్కుని ఉంది.

అడవిపిల్లి తన కూనల్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒక్కొక్కటిగా నోట కరుచుకుని తీసుకెళుతుంది. మొదటి కూనని దింపి రెండోదాని కోసం వచ్చేలోపు మనం చూస్తే, మిగిలినది అనాథలాగే కనిపిస్తుంది. గూడు పడిపోతే ఉడత కూడా పిల్లల్ని ఇలాగే వేరే గూటికి మోసుకుపోతుంది.

పక్షి పిల్లల్లో రెండు రకాలు చూడాలి. ఈకలు వచ్చి, గెంతుతూ, సరిగ్గా ఎగరలేక నేల మీద తిరిగేది పడిపోయిన పిల్ల కాదు, ఎగరడం నేర్చుకుంటున్న పిల్ల. తల్లీ తండ్రీ పైకొమ్మ మీదే ఉండి మేత తెచ్చిపెడుతుంటాయి. కుక్కో పిల్లో దగ్గర్లో ఉంటే దాన్ని తీసి పక్కనున్న కొమ్మ మీద పెడితే చాలు. ఈకలు రాని ఎర్రటి పిల్ల అయితేనే గూటిలోంచి పడినట్టు. దాన్ని తిరిగి గూట్లో పెట్టాలి.

ఇక్కడ ఒక మాట. "మనిషి చెయ్యి తగిలితే తల్లి పిట్ట పిల్లని రానివ్వదు" అని పెద్దవాళ్ళు అంటారు. పక్షుల విషయంలో ఇది నిజం కాదు. చెయ్యి తగిలిందని అవి పిల్లల్ని వదిలేయవు. మనుషులు అక్కడే గుంపుగా నిలబడితే మాత్రం తల్లి దగ్గరికి రాదు.

ఇంకొన్ని పిల్లలకి అసలు తల్లి అవసరమే లేదు. పాము పిల్ల, ఉడుము పిల్ల, తాబేలు పిల్ల పుట్టిన దగ్గర నుంచీ తమ తిండి తామే చూసుకుంటాయి. వాటిని కదపకుండా వదిలేయాలి.

తల్లికి అప్పగించడం ఎలా?

ఉడత పిల్ల పడితే ఒక అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ వేసి, అందులో పిల్లని పెట్టి, మూత తీసి అదే చెట్టు మొదట్లో ఉంచాలి. మనం దూరంగా వెళ్ళిపోవాలి. ఒకరు మాత్రం చాటునుంచి కుక్కలు రాకుండా చూడాలి. రెండు మూడు గంటల్లో తల్లి దిగి వచ్చి మెడ పట్టుకుని తీసుకుపోవచ్చు. ఉడత పగటి జీవి కాబట్టి చీకటి పడేదాకే ఎదురు చూడాలి.

పిట్ట గూడు చెదిరిపోతే చిన్న వెదురు బుట్టలో ఎండుగడ్డి, కొబ్బరి పీచు వేసి అదే కొమ్మకి కట్టి పిల్లని అందులో ఉంచవచ్చు. వాననీళ్ళు నిలవకుండా బుట్టకి సందులుండాలి. బుట్టలల్లడం మనలో చాలామందికి ఇంటి దగ్గరే వచ్చు. ఇలాంటి చోట ఆ విద్య పనికొస్తుంది.

అడవిపిల్లి కూనలైతే ముట్టుకోకూడదు. పని ఆపి, మనుషులు అవతలికి పోతే రాత్రికి తల్లి వస్తుంది. మహారాష్ట్రలో జున్నర్ ప్రాంతంలో చెరకు తోటల్లో చిరుతపులి పిల్లలు తరచు బయట పడతాయి. అక్కడ అటవీ శాఖవారూ, పశువైద్యులూ కలిసి పిల్లల్ని పరీక్షించి, దొరికిన చోటే ఒక పెట్టెలో పెట్టి రాత్రికి వదులుతారు. తల్లి చిరుత వచ్చి ఒక్కొక్కటిగా తీసుకుపోతుంది. ఇలా చాలా పిల్లలు తల్లిని చేరాయి. చిరుత కోసమే ఇంత ఓపిక పడుతుంటే ఉడత కోసం మనం మూడు గంటలు ఆగలేమా?

నిజంగా అనాథ అయితే?

తల్లి చచ్చి పడి ఉండటం కళ్ళారా చూసినా, పిల్లకి రక్తం కారుతున్నా, చీమలు పట్టినా, ఒళ్ళు చల్లబడినా, కుక్క లేక పిల్లి నోట పడినా అప్పుడు సాయం కావాలి. పిల్లి కరిస్తే గాటు చిన్నదిగా కనిపిస్తుంది కానీ లోపల విషక్రిములు చేరతాయి. వెంటనే పశువుల డాక్టరుకి చూపించాలి.

డాక్టరు, లేక అటవీ శాఖ వాళ్ళు వచ్చేదాకా చేయవలసినవి ఇవి:

1. గాలి ఆడే చిల్లులున్న అట్టపెట్టెలో గుడ్డ వేసి పెట్టాలి.
2. చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచాలి. పదిమందికీ చూపించకూడదు. మనకి ముద్దు అనిపించేది దానికి ప్రాణభయం.
3. వెచ్చదనం ఇవ్వాలి. గోరువెచ్చని నీళ్ళ సీసాకి గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కన పెట్టాలి.
4. ఏమీ తినిపించకూడదు, తాగించకూడదు.
5. ఎక్కడ, ఎన్ని గంటలకి దొరికిందో కాగితం మీద రాయాలి. తిరిగి అక్కడే వదలడానికి అది అవసరం.
6. చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కరిచినా గీరినా 15 నిమిషాలు సబ్బు నీళ్ళతో కడిగి అదే రోజు ప్రైమరీ హెల్త్ సెంటరుకి పోవాలి. కుక్కకే కాదు, కోతికీ, నక్కకీ, పిల్లికీ రేబిస్ ఉండవచ్చు. ఆ జబ్బు పైకి తేలాక దాదాపు ఎవరూ బతకరు.

పాలే ప్రాణం తీయవచ్చు

నాలుగో సూత్రం చాలామందికి నచ్చదు. ఆకలితో ఉన్నదానికి పాలు పోయకపోతే ఎలా అంటారు. కారణం చెబుతాను. ఒళ్ళు చల్లబడిన పిల్లకి అరగదు. ముందు వెచ్చబడాలి. రెండోది, పడుకోబెట్టి నోట్లో పాలు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. పిట్ట పిల్లకి అసలు పాలే పడవు, అది పాలు తాగే జాతి కాదు. మూడోది, ఆవు పాలు దూడ కోసం తయారైనవి. ప్రతి జంతువు పాలలో కొవ్వు, చక్కెర, మాంసకృత్తులు వేరువేరు పాళ్ళలో ఉంటాయి. పడని పాలు తాగితే విరేచనాలు పట్టుకుని నీరసించి చస్తుంది.

దీనికి పెద్ద ఉదాహరణ ఏనుగు. ఆఫ్రికాలోని కెన్యా దేశంలో డాఫ్నీ షెల్డ్రిక్ అనే ఆవిడ తల్లిలేని గున్న ఏనుగులకి పట్టే పాలు కనిపెట్టడానికి ఇరవై ఏళ్ళకు పైగా కష్టపడింది. ఆవు పాలలోని కొవ్వు వాటికి పడలేదు. చివరికి కొబ్బరి నూనె ఆధారంగా కలిపిన పాలు సరిపడ్డాయి. 1977లో భర్త పేరున ఆమె పెట్టిన సంస్థ నైరోబీలో ఈనాటికీ గున్నల్ని పెంచుతోంది. మూడు గంటలకోసారి పాలు పట్టాలి. రాత్రి గున్న పక్కనే మనిషి పడుకోవాలి. అయితే రోజూ ఒకే మనిషి పడుకోడు, మారుతుంటారు. ఒక్కరికే అలవాటు పడితే, ఆ మనిషి నాలుగు రోజులు కనిపించకపోయినా గున్న బెంగతో తిండి మానేస్తుంది.

బొమ్మన్, బెల్లి

మన పక్కన తమిళనాడులో నీలగిరి కొండల కింద ముదుమలై అడవి ఉంది. అక్కడ తెప్పకాడు ఏనుగుల క్యాంపులో పనిచేసే బొమ్మన్, బెల్లి దంపతులు మనలాగే గిరిజనులు. వారిది కాట్టునాయకన్ తెగ. 2017లో కరెంటు షాకుతో తల్లి చనిపోయిన ఒక గున్న దొరికింది. కుక్కలు కరిచిన గాయాలతో బతుకుతుందన్న ఆశ లేదు. వీళ్ళిద్దరూ దానికి రఘు అని పేరు పెట్టి బిడ్డలా సాకారు. తర్వాత అమ్ము అనే ఇంకో గున్నని కూడా పెంచారు. ఈ కథతో తీసిన 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' అనే చిన్న డాక్యుమెంటరీకి 2023 మార్చిలో ఆస్కార్ వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో మన రాష్ట్రపతి ద్రౌపది ముర్ము గారు, ఆవిడా గిరిజన బిడ్డే, తెప్పకాడుకి వెళ్ళి వాళ్ళని కలిశారు.

ఇందులో రెండు సంగతులు మనం మరచిపోకూడదు. ఆస్కార్ వచ్చిన ఆ మార్చి నెలలోనే ధర్మపురి వైపు నుంచి తెచ్చిన ఇంకో చిన్న గున్న అదే దంపతుల చేతుల్లో విరేచనాలతో చనిపోయింది. అంత అనుభవం ఉన్నవాళ్ళు, పక్కనే డాక్టర్లు ఉన్నా అలా జరిగిందంటే పని ఎంత కష్టమో చూడండి. రెండోది, రఘు అడవి మందలోకి తిరిగి పోలేదు. క్యాంపు ఏనుగుగానే పెరిగాడు. ప్రాణం దక్కింది కానీ అడవి దక్కలేదు. అందుకే తల్లి బతికి ఉందా లేదా అన్నది ముందు తేల్చుకోవాలని మళ్ళీ మళ్ళీ చెప్పడం.

మచ్చిక అయితే ఏం నష్టం?

కోన్రాడ్ లోరెంజ్ అనే శాస్త్రవేత్త బాతు జాతి పిల్లల మీద ఒక సంగతి గమనించాడు. గుడ్డులోంచి వచ్చాక కొన్ని గంటల్లో మొదట కదులుతూ కనిపించిన దాన్నే అవి తల్లి అనుకుంటాయి. ఆయన్ని చూసిన పిల్లలు ఆయన వెనకే వరస కట్టి నడిచేవి. జంతువుల నడవడి మీద చేసిన పరిశోధనకి 1973లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది.

ఇలా మనిషి ముద్ర పడిన పిల్ల పెద్దయ్యాక మనిషంటే భయపడదు. కుక్కంటే కూడా భయపడదు. తన జాతితో జత కట్టడం తెలియదు. తిండి వెతుక్కోవడం రాదు. "పెద్దయ్యాక అడవిలో వదిలేద్దాంలే" అనడం, ఈత నేర్పకుండా గోదావరిలో వదలడం లాంటిది.

అందుకే అమెరికాలో అంతరించిపోబోతున్న ఒక రకం తెల్ల కొంగల పిల్లల్ని పెంచేవాళ్ళు ఒళ్ళంతా తెల్ల ముసుగు వేసుకుని, చేతికి కొంగ తల బొమ్మ తొడుక్కుని ఆ ముక్కుతో మేత పెట్టేవారు. పిల్లల ముందు మాట్లాడేవారు కారు. తాము కనపడకుండా ఉండటమే వాళ్ళ ప్రేమ.

పెద్దగుమ్మడాపురం పులి పిల్లలు

ఇక మన రాష్ట్రంలో జరిగినది. 2023 మార్చి 6న నంద్యాల జిల్లా కొత్తపల్లి మండలం పెద్దగుమ్మడాపురం ఊరి దగ్గర నాలుగు పులి పిల్లలు కనిపించాయి. నాలుగూ ఆడవే. ఊరివాళ్ళు కుక్కలు పీకకుండా కాపాడి అటవీ శాఖకి చెప్పారు. అది మంచి పని. చూడటానికి జనం గుమిగూడారు, ఫోన్లలో ఫోటోలు తీశారు. అది మంచి పని కాదు. అధికారులు తల్లి పులి జాడ వెతికారు. టి-108 అని నంబరు పెట్టిన ఆడపులి వాటి తల్లి అనుకున్నారు. పిల్లల్ని తల్లి దగ్గరికి చేర్చాలని రాత్రుళ్ళు ప్రయత్నించారు. కుదరలేదు. చివరికి తిరుపతి శ్రీ వేంకటేశ్వర జూ పార్కుకి తరలించారు.

తల్లిలేని పులి పిల్లని అడవిలో వదలాలంటే జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమం ఏమిటో తెలుసా? మనుషులకి దూరంగా, అడవిలోనే కంచె వేసిన చోట కనీసం రెండేళ్ళు పెంచాలి. తనంతట తాను కనీసం 50 వేటలు చేసి ఉండాలి. అప్పుడే వదలాలి. తల్లి పులి చదువు చెప్పి పంపినట్టే అన్నమాట, యాభై మార్కులు వస్తేనే పాస్!

ఇది కుదరని పని కాదు. మధ్యప్రదేశ్‌లో పన్నా అడవిలో 2009 నాటికి ఒక్క పులి కూడా లేకుండా పోయింది. కన్హా అడవిలో తల్లి చనిపోయిన రెండు ఆడ పిల్లల్ని ఇలాగే కంచెలో పెంచి, వేట నేర్పించి 2011లో పన్నాలో వదిలారు. వాటిలో టి-4 అనే పులి పిల్లల్ని కూడా కన్నది.

చట్టం ఏమంటుంది?

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రక్షిత అడవి జంతువుని పట్టుకోవడం కూడా వేటాడటం కిందికే వస్తుంది. రామచిలకని పంజరంలో పెట్టడం, నెమలి పిల్లని ఇంట్లో పెంచడం నేరం. అలాంటిది చేతికి దొరికితే 48 గంటల్లోపు పోలీస్ స్టేషన్‌లో గానీ అటవీ అధికారికి గానీ చెప్పాలి. ఉత్తరప్రదేశ్‌లో అమేఠీ జిల్లాలో ఒకాయన గాయపడిన సారస్ కొంగని బాగుచేసి ఏడాదిపాటు దగ్గర ఉంచుకున్నాడు. 2023 మార్చిలో అధికారులు దాన్ని తీసుకుపోయారు, ఆయన మీద కేసు పెట్టారు. మంచి మనసుతో చేసినా చట్టం అడుగుతుంది. అడవి పక్కన ఉండే మన ఇళ్ళవాళ్ళకి ఈ సంగతి మరీ ముఖ్యం. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు అమ్మానాన్నలకి తప్పక చెప్పండి.

మనలాంటి వాళ్ళు చేయగల సేవ

కర్ణాటకలో మండ్య జిల్లాలో కొక్కరె బెళ్ళూరు అని ఒక ఊరుంది. అక్కడ ఊరి చింతచెట్ల మీదే గూడబాతులు గూళ్ళు పెడతాయి. పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల్లాగా ఊరివాళ్ళు వాటిని చూసుకుంటారు. గాలికి పిల్లలు కింద పడుతుంటాయి. అంత ఎత్తు గూట్లో తిరిగి పెట్టడం కుదరదు. ఆ ఊరి యువకులు 'హెజ్జార్లె బళగ' అని సంఘం పెట్టుకుని, పడిన పిల్లల్ని కంచె వేసిన దొడ్లో ఉంచి, చేపలు పెట్టి, ఎగరడం రాగానే వదిలేస్తారు. హెజ్జార్లె అంటే కన్నడంలో గూడబాతు, బళగ అంటే చుట్టాలు. అదే గూడబాతులు మన పక్కన కొల్లేట్లో, కైకలూరు దగ్గర ఆటపాకలో కూడా గూళ్ళు పెడతాయి.

జంతు రక్షణ కేంద్రాల్లో వాలంటీర్లుగా చేరాలంటే మామూలుగా 18 ఏళ్ళు నిండాలి. చేరినా మొదటి రోజే పులి పిల్లని ఒళ్ళో పెట్టరు. బోనులు కడగడం, పండ్లు కోయడం, పాలసీసాలు వేడినీళ్ళలో మరిగించడం, బరువు తూచి పుస్తకంలో రాయడం, ఇవే పనులు. ముద్దు చేయడం అసలు ఉండదు.

అప్పటిదాకా మనం ఇక్కడే చేయగలిగినవి ఉన్నాయి. పిల్ల కనిపిస్తే దూరం నుంచి కాపలా కాయవచ్చు. కుక్కల్ని తరమవచ్చు. గుంపు చేరకుండా చూడవచ్చు. గూడున్న కొమ్మని పిల్లలు ఎగిరిపోయేదాకా నరకవద్దని తోట కాపలా తాతకి చెప్పవచ్చు.

వార్డెన్ గార్లకు మనవి

సార్, పిల్లలు జంతు పిల్లల్ని పెట్టెల్లో దాచేది తిడతారనే భయంతోనే. దాచినంత సేపూ దానికి వైద్యం అందదు, కరిస్తే ఆ సంగతి కూడా దాచేస్తారు. కాబట్టి ఎవరైనా పిల్లని తెచ్చి చూపిస్తే ముందు కోప్పడకుండా, ఎక్కడ దొరికిందని అడగండి. అటవీ శాఖ రేంజ్ ఆఫీసు, పశువుల ఆసుపత్రి ఫోన్ నంబర్లు ఆఫీసు గోడ మీద రాయించండి. స్టోర్ రూములో ఒక అట్టపెట్టె, ఒక పాత దుప్పటి ముక్క ఉంచనివ్వండి. ఖర్చేమీ లేదు.

మిత్రులారా! మనం కూడా అమ్మానాన్నల్ని వదిలి ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాం. దారిలో ఒంటరిగా కనిపించామని ఎవరైనా మనల్ని అనాథలనుకుని పట్టుకుపోతే ఎలా ఉంటుంది? మన అమ్మ ఊళ్ళో ఉంది, సెలవులకి వస్తుంది. ఆ ఉడత పిల్ల అమ్మ కూడా పై కొమ్మ మీదే ఉండవచ్చు. మనం పక్కకి తప్పుకుంటే దిగి వస్తుంది.

ఈ పత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాం. ఎవరికి ఏ గూడు, ఏ పిల్ల ఎక్కడ కనిపించినా ముట్టుకోకుండా తేదీ వేసి అందులో రాయండి. వచ్చే సంచికలో వేస్తాం.